సింప్సన్ విరోధాభాస

ఒక సమూహాన్ని ఉపసమూహాలుగా విడదీసినప్పుడు ప్రతి ఉపసమూహంలోనూ కనిపించే పోకడ, వాటన్నిటినీ కలిపి లెక్కించగానే మాయమైపోవడాన్ని గానీ తలకిందులు కావడాన్ని గానీ గణాంక శాస్త్రంలో సింప్సన్ విరోధాభాస అంటారు. సింప్సన్ పారడాక్స్, యూల్–సింప్సన్ ప్రభావం, సమ్మేళన విరోధాభాస అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి. వైద్య పరిశోధన, ప్రజారోగ్యం, విద్య, న్యాయం, ఆర్థిక శాస్త్రం, క్రీడా గణాంకాలు వంటి రంగాల్లో దీనికి వాస్తవ ఉదాహరణలు నమోదయ్యాయి. కళాశాల స్థాయి గణాంక శాస్త్ర తరగతుల్లో మొత్తం లెక్కలు తప్పుదారి పట్టించే తీరును చూపడానికి ఎక్కువగా వాడే పాఠ్యాంశాల్లో ఇది ఒకటి.

## నిర్వచనం, లక్షణాలు

ఈ స్థితి ఏర్పడాలంటే కనీసం మూడు చలరాశులు ఉండాలి. మొదటిది పోల్చదలచిన అంశం: చికిత్స, లింగం, ఊరు వంటివి. రెండోది ఫలితం: కోలుకోవడం, ప్రవేశం పొందడం, మరణించడం. మూడోది సమూహాన్ని భాగాలుగా విడదీసే చలరాశి: వయసు, వ్యాధి తీవ్రత, విద్యావిభాగం. మూడో చలరాశిని పక్కన పెట్టి వేసిన పట్టికను సమ్మిళిత పట్టిక అనీ, దాని ఆధారంగా విడదీసి వేసిన వాటిని పాక్షిక పట్టికలు అనీ వ్యవహరిస్తారు.

పాక్షిక పట్టికలన్నీ ఒక దిశను చూపుతుండగా సమ్మిళిత పట్టిక ఏ సంబంధమూ చూపకపోవచ్చు, లేదా వ్యతిరేక దిశను చూపవచ్చు. లెక్కలో పొరపాటు లేకుండానే ఇది జరుగుతుంది. రెండు రకాల పట్టికలూ అంకగణితపరంగా సరైనవే. ఒక మార్పు ప్రతి వర్గానికీ మేలు చేస్తే అందరికీ కలిపి కూడా మేలే చేయాలన్న సహజమైన అంచనాకు ఇది విరుద్ధంగా కనిపిస్తుంది కనుక దీన్ని విరోధాభాస అన్నారు.

## గణిత స్వరూపం

రెండు భిన్నాల లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడినప్పుడు అసమానత నిలవాలన్న నియమం లేదు. ఉదాహరణకు 1/5 కన్నా 2/8 పెద్దది. 6/8 కన్నా 4/5 పెద్దది. రెండు పోలికల్లోనూ రెండో పక్షమే ముందుంది. లవహారాలను విడివిడిగా కూడితే మొదటి పక్షానికి 7/13, రెండో పక్షానికి 6/13 వస్తాయి. మొత్తంలో మొదటి పక్షం ముందుకు వచ్చింది.

దీనికి కారణం భారాలు. సమ్మిళిత రేటు అంటే ఉపసమూహాల రేట్ల భారిత సగటు. ఒక్కో ఉపసమూహంలో ఎంతమంది ఉన్నారన్నదే దాని భారం. పై ఉదాహరణలో మొదటి పక్షం 13 ప్రయత్నాల్లో 8 సులువైన వర్గంలో ఉన్నాయి. రెండో పక్షం 13 ప్రయత్నాల్లో 8 కష్టమైన వర్గంలో ఉన్నాయి. పోలుస్తున్న రెండు పక్షాలకూ భారాలు ఒకటే అయితే తారుమారు సాధ్యం కాదు.

జ్యామితిలో ప్రతి భిన్నాన్నీ ఒక సదిశగా గీస్తే దాని వాలు ఆ రేటును సూచిస్తుంది. ఒక పక్షానికి చెందిన రెండు సదిశలూ అవతలి పక్షపు జోడీల కన్నా నిటారుగా ఉన్నా, వాటి మొత్తంగా వచ్చే సదిశ మాత్రం తక్కువ వాలుతో ఉండవచ్చు.

తారుమారుకు మూడో చలరాశి ఎంత బలంగా ఉండాలన్న దానికి పరిమితులు ఉన్నాయి. పొగతాగడం, ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్, సహ రచయితలు ప్రచురించిన పత్రం ఈ విషయంలో ప్రసిద్ధం. పొగతాగేవారిలో కనిపించే తొమ్మిది రెట్ల ప్రమాదాన్ని కేవలం ఒక దాగిన కారణంతో వివరించాలంటే, ఆ కారణం పొగతాగనివారిలో కన్నా తాగేవారిలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండాలని వారు చూపారు. తారుమారు ఎంత తరచుగా రావచ్చన్న ప్రశ్నను 2009లో పావ్‌లిడెస్, పెర్ల్‌మన్ పరిశీలించారు. రెండేసి వర్గాలున్న మూడు చలరాశుల పట్టికను పూర్తి యాదృచ్ఛికంగా ఎంచుకుంటే తారుమారు కనిపించే సంభావ్యత సుమారు 1/60 అని తేల్చారు.

## చరిత్ర

### తొలి పరిశీలనలు

భిన్న లక్షణాలున్న సమూహాలను కలిపితే లేని సంబంధం ఉన్నట్టు కనిపిస్తుందని 1899లో కార్ల్ పియర్సన్, ఆలిస్ లీ, లెస్లీ బ్రామ్‌లీ-మూర్ గుర్తించారు. పురుషుల, స్త్రీల పుర్రెల కొలతలను కలిపినప్పుడు పొడవు, వెడల్పుల మధ్య పుట్టుకొచ్చే సహసంబంధాన్ని వారు ఉదాహరణగా చూపారు. 1903లో జార్జ్ ఉడ్నీ యూల్ గుణాత్మక లక్షణాల విషయంలో ఇదే ప్రభావాన్ని వివరించాడు. విరోధాభాసకు యూల్ పేరు కూడా చేరడానికి ఆ పత్రమే కారణం.

పూర్తి తారుమారుకు ప్రసిద్ధమైన తొలి వాస్తవ ఉదాహరణల్లో ఒకటి మోరిస్ కోహెన్, ఎర్నెస్ట్ నాగెల్ 1934లో ప్రచురించిన తర్కశాస్త్ర గ్రంథంలో ఉంది. అది 1910 నాటి క్షయ మరణాల లెక్క. లక్ష జనాభాకు శ్వేతజాతీయుల్లో న్యూయార్క్‌లో సుమారు 179, రిచ్‌మండ్‌లో 162 మరణాలు నమోదయ్యాయి. నల్లజాతీయుల్లో ఆ సంఖ్యలు సుమారు 560, 332. రెండు వర్గాల్లోనూ రిచ్‌మండ్‌లోనే రేటు తక్కువ. అందరినీ కలిపితే న్యూయార్క్‌లో సుమారు 186, రిచ్‌మండ్‌లో 224. మరణాల రేటు అధికంగా ఉన్న నల్లజాతీయుల వాటా రిచ్‌మండ్ జనాభాలో చాలా ఎక్కువ కావడమే ఈ తేడాకు కారణం.

### సింప్సన్ పత్రం

బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హెచ్. సింప్సన్ (1922–2019) రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్లెచ్‌లీ పార్క్‌లో సంకేత భేదన విభాగంలో పనిచేశాడు. తర్వాత ప్రభుత్వ ఉద్యోగంలో స్థిరపడ్డాడు. రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో 1951లో వచ్చిన అతని పత్రం ఒకే అంకెల పట్టికకు రెండు కథలు జోడించింది.

మొదటి కథలో 52 పేక ముక్కలు ఉన్నాయి. చిన్నబిడ్డ ఆడుకోవడంతో వాటిలో కొన్నింటికి మురికి అంటింది. మురికి ముక్కలను, శుభ్రమైన ముక్కలను వేరు చేసి చూస్తే ముక్క రంగుకూ అది బొమ్మ ముక్క కావడానికీ సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది. కలిపి చూస్తే ఏ సంబంధమూ లేదు. ఇక్కడ సరైన జవాబు సమ్మిళిత పట్టికదే. రెండో కథలో అవే అంకెలు 52 మంది రోగులవి. చికిత్స పొందిన పురుషుల్లో 13 మందికి 8 మంది, పొందనివారిలో 7 మందికి నలుగురు బతికారు. స్త్రీలలో చికిత్స పొందినవారిలో 27 మందికి 12 మంది, పొందనివారిలో ఐదుగురికి ఇద్దరు బతికారు. స్త్రీపురుషులిద్దరిలోనూ చికిత్స పొందినవారి రేటే ఎక్కువ. కలిపితే చికిత్స పొందిన 40 మందిలో 20 మంది, పొందని 12 మందిలో ఆరుగురు బతికారు. అంటే రెండు పక్షాలకూ సరిగ్గా సగం. స్త్రీలకూ పురుషులకూ మేలు చేసే చికిత్సను నిరుపయోగమని తోసిపుచ్చలేమని సింప్సన్ పేర్కొన్నాడు. సింప్సన్ ఉదాహరణలో సంబంధం తలకిందులు కాలేదు, మాయమైంది.

### పేరు, తరువాతి పరిణామాలు

కోలిన్ బ్లైత్ 1972లో రాసిన పత్రంతో సింప్సన్ పేరు స్థిరపడింది. లియోనార్డ్ సావేజ్ 1954లో ప్రతిపాదించిన నిశ్చిత సూత్రానికీ ఈ విరోధాభాసకూ ఉన్న సంబంధాన్ని బ్లైత్ చర్చించాడు. డెనిస్ లిండ్‌లీ, మెల్విన్ నోవిక్ 1981లో ఒకే పట్టిక వైద్యంలో ఒక నిర్ణయానికీ, వ్యవసాయంలో దానికి విరుద్ధమైన నిర్ణయానికీ దారి తీయవచ్చని చూపారు. కార్యకారణ సంబంధాలను రేఖాచిత్రాలతో విశ్లేషించే పద్ధతిని అభివృద్ధి చేసిన జుడియా పెర్ల్, 2000లో వెలువరించిన గ్రంథంలోనూ 2014 నాటి వ్యాసంలోనూ ఈ సమస్యను ఆ దృష్టితో వివరించాడు.

## రకాలు

తారుమారు: పాక్షిక పట్టికలన్నీ ఒక దిశను, సమ్మిళిత పట్టిక ఎదురు దిశను చూపడం. కఠినమైన నిర్వచనం ప్రకారం కొందరు దీన్నే సింప్సన్ విరోధాభాసగా పరిగణిస్తారు.

అదృశ్యం: పాక్షిక పట్టికల్లో ఉన్న సంబంధం కలిపినప్పుడు కనిపించకపోవడం. సింప్సన్ ఉదాహరణ ఈ కోవలోనిది.

కృత్రిమ సంబంధం: పాక్షిక పట్టికల్లో లేని సంబంధం కలిపినప్పుడు పుట్టడం. పియర్సన్, యూల్ వివరించినది ఇదే.

నిరంతర చలరాశుల రూపం: రేట్లకు బదులు సహసంబంధ గుణాంకం లేదా ప్రతిగమన రేఖ వాలు తారుమారు కావడం. ప్రతి వర్గంలోనూ రేఖ కిందికి వాలుతుండగా, అన్ని బిందువులకూ కలిపి గీసిన రేఖ పైకి వెళ్లవచ్చు.

## ప్రసిద్ధ ఉదాహరణలు

### బర్క్‌లీ ప్రవేశాలు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో 1973 గ్రాడ్యుయేట్ ప్రవేశాలకు 8,442 మంది పురుషులు, 4,321 మంది మహిళలు దరఖాస్తు చేశారు. పురుషుల్లో సుమారు 44 శాతం, మహిళల్లో సుమారు 35 శాతం ప్రవేశం పొందారు. పీటర్ బికెల్, యూజీన్ హామెల్, విలియం ఓకానెల్ ఈ లెక్కలను విశ్లేషించి 1975లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. ఆరు పెద్ద విభాగాల లెక్కలు పాఠ్యపుస్తకాల్లో విస్తృతంగా కనిపిస్తాయి.

| విభాగం | పురుషుల దరఖాస్తులు | ప్రవేశ శాతం | మహిళల దరఖాస్తులు | ప్రవేశ శాతం |
|---|---|---|---|---|
| ఎ | 825 | 62 | 108 | 82 |
| బి | 560 | 63 | 25 | 68 |
| సి | 325 | 37 | 593 | 34 |
| డి | 417 | 33 | 375 | 35 |
| ఇ | 191 | 28 | 393 | 24 |
| ఎఫ్ | 373 | 6 | 341 | 7 |
| మొత్తం | 2,691 | 45 | 1,835 | 30 |

ఆరింటిలో నాలుగు విభాగాల్లో మహిళల ప్రవేశ శాతమే ఎక్కువ. సీట్లు సులువుగా దొరికే ఎ, బి విభాగాలకు పురుషుల దరఖాస్తుల్లో సగానికి పైగా వెళ్లగా, మహిళల దరఖాస్తుల్లో సుమారు 7 శాతమే వెళ్లాయి. అన్ని విభాగాల్లోనూ దిశ మారలేదు కనుక ఇది కఠినమైన అర్థంలో పూర్తి తారుమారు కాదు. విభాగాల వారీగా సవరించి చూస్తే మహిళలకు స్వల్పంగా అనుకూలత కనిపించిందని రచయితలు తెలిపారు. మహిళలను కొన్ని విభాగాల వైపే నడిపించే సామాజిక, విద్యా పరిస్థితులు ప్రవేశాల కన్నా ముందే పనిచేస్తున్నాయని కూడా వారు సూచించారు. విభాగాల వారీగా విడదీయడం ఒక్కటే వివక్ష లేదని రుజువు చేయదని గణాంక శాస్త్రవేత్త విలియం క్రుస్కల్ వాదించాడు.

### కిడ్నీ రాళ్ల చికిత్స

1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం రెండు పద్ధతులను పోల్చింది: కోత పెట్టి చేసే శస్త్రచికిత్స, చర్మానికి చిన్న రంధ్రం చేసి రాళ్లు తొలగించే పద్ధతి. కోత శస్త్రచికిత్స 350 మందిలో 273 మందికి (78 శాతం), రంధ్ర పద్ధతి 350 మందిలో 289 మందికి (83 శాతం) విజయవంతమైంది. రెండు సెంటీమీటర్ల లోపు రాళ్లను విడిగా చూస్తే కోత పద్ధతిలో 87 మందికి 81 మంది (93 శాతం), రంధ్ర పద్ధతిలో 270 మందికి 234 మంది (87 శాతం) కోలుకున్నారు. పెద్ద రాళ్లలో కోత పద్ధతికి 263లో 192 (73 శాతం), రంధ్ర పద్ధతికి 80లో 55 (69 శాతం) విజయాలు దక్కాయి. కోత పద్ధతి ఎక్కువగా పెద్ద రాళ్లకు, రంధ్ర పద్ధతి ఎక్కువగా చిన్న రాళ్లకు వాడటం వల్ల మొత్తం లెక్క తారుమారైంది. స్టీవెన్ జూలియస్, మార్క్ ముల్లీ 1994లో అదే పత్రికలో ఈ అంకెలను సింప్సన్ విరోధాభాసకు ఉదాహరణగా వివరించారు.

### విక్‌హామ్ సర్వే

ఇంగ్లండ్‌లోని విక్‌హామ్ ప్రాంతంలో 1972–74లో సర్వే చేసిన 1,314 మంది మహిళలను ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పరిశీలించారు. పొగతాగే 582 మందిలో 139 మంది (24 శాతం), తాగని 732 మందిలో 230 మంది (31 శాతం) మరణించారు. పొగతాగడం ఆయుష్షును పెంచుతున్నట్టు కనిపించే ఈ ఫలితానికి కారణం వయసు. మొదటి సర్వే నాటికి 65 ఏళ్లు, ఆపైన ఉన్నవారు పొగతాగనివారిలో 193 మంది, తాగేవారిలో 49 మంది. వయసుల వారీగా విడదీస్తే చాలా వర్గాల్లో పొగతాగేవారి మరణాల రేటే ఎక్కువ. 45–54 ఏళ్ల వర్గంలో అది తాగేవారిలో సుమారు 21 శాతం, తాగనివారిలో సుమారు 15 శాతం.

### ఫ్లోరిడా మరణశిక్షలు

మైఖేల్ రాడెలెట్ 1981లో ప్రచురించిన అధ్యయనం ఫ్లోరిడాలో 1976, 1977 నాటి హత్య కేసులను పరిశీలించింది. శ్వేతజాతి నిందితులు 160 మందిలో 19 మందికి, నల్లజాతి నిందితులు 166 మందిలో 17 మందికి మరణశిక్ష పడింది. హతుల జాతిని బట్టి విడదీస్తే దిశ మారింది. హతులు శ్వేతజాతీయులైన కేసుల్లో శ్వేతజాతి నిందితులు 151 మందిలో 19 మందికి, నల్లజాతి నిందితులు 63 మందిలో 11 మందికి ఆ శిక్ష పడింది. హతులు నల్లజాతీయులైన కేసుల్లో ఆ సంఖ్యలు 9 మందిలో సున్నా, 103 మందిలో 6.

### క్రీడలు

అమెరికా బేస్‌బాల్‌లో డేవిడ్ జస్టిస్ బ్యాటింగ్ సగటు 1995లో 0.253, 1996లో 0.321. డెరెక్ జీటర్ సగటు ఆ ఏళ్లలో 0.250, 0.314. రెండేళ్లలోనూ జస్టిస్ ముందున్నా, రెండూ కలిపితే జీటర్‌కు 0.310, జస్టిస్‌కు 0.270 వస్తాయి. జీటర్ అవకాశాల్లో అధిక భాగం 1996లో, జస్టిస్ అవకాశాల్లో అధిక భాగం 1995లో ఉండటమే కారణం. క్రికెట్ సగటులకూ ఇదే గణితం వర్తిస్తుంది.

### మరణాల రేట్లు

ముడి మరణాల రేటు జనాభా వయో నిర్మాణంపై ఆధారపడుతుంది. భారతదేశంలో ఆయుర్దాయం అధికంగా ఉన్న కేరళలో ముడి మరణాల రేటు ఇటీవలి సంవత్సరాల్లో బిహార్ కన్నా ఎక్కువగా నమోదైంది. కేరళ జనాభాలో వృద్ధుల వాటా ఎక్కువ కావడం ఇందుకు ప్రధాన కారణం. కోవిడ్–19 తొలి నెలల్లో చైనా కన్నా ఇటలీలో మొత్తం మరణాల శాతం ఎక్కువగా ఉండగా, వయోవర్గాల వారీగా చూస్తే చైనాలోనే ఎక్కువగా ఉన్నట్టు 2021లో ప్రచురితమైన ఒక విశ్లేషణ చూపింది.

## ఏ పట్టికను ఆధారం చేసుకోవాలి

విడదీసిన పట్టికే ఎప్పుడూ సరైనదన్న సూత్రం లేదు. మూడో చలరాశి ఏ పాత్ర పోషిస్తోందన్నదే నిర్ణయాన్ని నిర్దేశిస్తుంది. ఆ పాత్ర అంకెల్లో కనిపించదు. డేటా ఎలా పుట్టిందో తెలిస్తేనే తెలుస్తుంది.

ఉమ్మడి కారణం: మూడో చలరాశి పోల్చదలచిన అంశాన్నీ ఫలితాన్నీ రెండింటినీ ప్రభావితం చేస్తే దాన్ని కన్‌ఫౌండర్ అంటారు. రాయి పరిమాణం చికిత్స ఎంపికనూ, కోలుకోవడాన్నీ ప్రభావితం చేసింది. ఇటువంటి సందర్భంలో విడదీసిన పట్టికలే సముచితం.

మధ్యవర్తి: మూడో చలరాశి చికిత్స వల్లే మారి, ఫలితానికి దారి తీస్తే, చికిత్స మొత్తం ప్రభావానికి సమ్మిళిత పట్టికే సరైనది. రక్తపోటును తగ్గించడం ద్వారా పనిచేసే మందును, చికిత్స తర్వాతి రక్తపోటు వర్గాలుగా విడదీసి పరిశీలిస్తే మందు చేసిన మేలు లెక్కలోంచి జారిపోతుంది. లిండ్‌లీ, నోవిక్ ఇచ్చిన వ్యవసాయ ఉదాహరణలో మొక్క ఎత్తు ఇదే పాత్ర పోషిస్తుంది: ఎత్తు పెరగడం విత్తన రకం ఫలితం కనుక రకాన్ని ఎంచుకునే రైతుకు మొత్తం దిగుబడి లెక్కే ప్రమాణం.

కొలైడర్: మూడో చలరాశి మిగతా రెండింటి ప్రభావంతో ఏర్పడినదైతే, దాని ఆధారంగా విడదీయడమే లేని సంబంధాన్ని సృష్టిస్తుంది. సింప్సన్ పేక ముక్కల మురికి ఇటువంటిది.

బర్క్‌లీ ఉదాహరణలో విభాగాన్ని మధ్యవర్తిగా చూడవచ్చు. విభాగాలు ప్రవేశం ఇవ్వడంలో వివక్ష చూపాయా అన్న ప్రశ్నకు విడదీసిన పట్టిక, మహిళలకు అంతిమంగా దక్కిన అవకాశాలెన్ని అన్న ప్రశ్నకు మొత్తం పట్టిక సమాధానమిస్తాయి. పెర్ల్ సవరించిన నిశ్చిత సూత్రం ప్రకారం, ప్రతి ఉపసమూహంలోనూ మేలు చేసే చర్య మొత్తానికీ మేలే చేస్తుంది. అయితే ఆ చర్య ఉపసమూహాల వాటాలను మార్చకూడదు.

## గుర్తించే, సవరించే పద్ధతులు

*యాదృచ్ఛిక కేటాయింపు:* ఏ రోగికి ఏ చికిత్స అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయిస్తే రెండు పక్షాల్లోనూ ఉపసమూహాల వాటాలు ఇంచుమించు సమానమవుతాయి. తెలియని కన్‌ఫౌండర్లకు కూడా ఇది వర్తిస్తుంది.

*ప్రామాణీకరణ:* రెండు పక్షాల రేట్లకూ ఒకే భారాలు వాడతారు. కిడ్నీ రాళ్ల అధ్యయనంలో మొత్తం 700 మందిలో 357 మందివి చిన్న రాళ్లు, 343 మందివి పెద్ద రాళ్లు. ఈ వాటాలనే రెండు పద్ధతులకూ వర్తింపజేస్తే కోత శస్త్రచికిత్స విజయశాతం సుమారు 83.3, రంధ్ర పద్ధతిది సుమారు 77.9 అవుతాయి. వయో ప్రామాణీకరణ చేసిన మరణాల రేట్లు ఈ సూత్రంపైనే ఆధారపడతాయి.

*స్తరాల వారీ విశ్లేషణ:* నేథన్ మాంటెల్, విలియం హెన్‌జెల్ 1959లో ప్రతిపాదించిన పద్ధతి పాక్షిక పట్టికలన్నిటి నుంచి ఒకే సారాంశ నిష్పత్తిని రాబడుతుంది.

*నమూనాలు:* లాజిస్టిక్ ప్రతిగమనం పలు చలరాశులను ఒకేసారి సవరిస్తుంది. పాల్ రోజెన్‌బామ్, డొనాల్డ్ రూబిన్ 1983లో ప్రవేశపెట్టిన ప్రొపెన్సిటీ స్కోర్, చికిత్స పొందే అవకాశం సమానంగా ఉన్నవారిని పోల్చడానికి తోడ్పడుతుంది. ఏ చలరాశిని సవరించాలో, దేన్ని వదిలేయాలో నిర్ణయించడానికి కార్యకారణ రేఖాచిత్రాలు వాడతారు.

## బోధనలో స్థానం

డేవిడ్ ఫ్రీడ్‌మన్, రాబర్ట్ పిసానీ, రోజర్ పర్వెస్ రాసి 1978లో వెలువరించిన పాఠ్యపుస్తకం బర్క్‌లీ లెక్కలను ప్రాథమిక తరగతులకు చేర్చింది. ఆర్ కంప్యూటర్ భాషలో ఈ ఆరు విభాగాల డేటా అంతర్నిర్మితంగా లభిస్తుంది. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ఆమోదంతో 2016లో వెలువడిన కళాశాల బోధన మార్గదర్శకాలు పలు చలరాశులను కలిపి ఆలోచించడం తొలి కోర్సులోనే నేర్పాలని సిఫార్సు చేశాయి.

తరగతిలో సాధారణంగా ముందు సమ్మిళిత పట్టిక మాత్రమే ఇచ్చి నిర్ణయం చెప్పమంటారు. తర్వాత విడదీసిన పట్టిక ఇచ్చి పునఃపరిశీలన చేయిస్తారు. భారిత సగటు, షరతుతో కూడిన సంభావ్యత, పరిశీలనాత్మక అధ్యయనానికీ ప్రయోగానికీ ఉన్న తేడా అనే మూడు భావనలను ఈ ఒక్క పాఠంతో అనుసంధానిస్తారు. కన్‌ఫౌండర్ ఉదాహరణలే చెబితే విడదీయడమే ఎప్పుడూ సరైనదన్న అపోహ విద్యార్థుల్లో మిగలవచ్చు. అందువల్ల మధ్యవర్తి, కొలైడర్ ఉదాహరణలను కూడా జతచేసి బోధిస్తారు.

## పరిమితులు

ఒక డేటాను ఎన్ని రకాలుగానైనా విడదీయవచ్చు. అర్థం లేని విభజనతోనూ తారుమారు రావచ్చు కనుక, తారుమారు కనిపించడమే మొత్తం లెక్క తప్పని నిరూపించదు. విభజన సూక్ష్మమయ్యే కొద్దీ ఒక్కో గడిలో సంఖ్య తగ్గి యాదృచ్ఛిక వ్యత్యాసం పెరుగుతుంది. బర్క్‌లీ బి విభాగంలో మహిళల దరఖాస్తులు 25 మాత్రమే. కొలవని కన్‌ఫౌండర్ ఉన్న చోట విడదీసిన పట్టిక కూడా తప్పుదారి పట్టించవచ్చు.

## సంబంధిత అంశాలు

పర్యావరణ దోషం: ప్రాంతాల సగటుల మధ్య ఉన్న సంబంధాన్ని వ్యక్తులకు ఆపాదించడం. విలియం రాబిన్సన్ 1950లో, 1930 అమెరికా జనాభా లెక్కల ఆధారంగా విదేశాల్లో పుట్టడానికీ నిరక్షరాస్యతకూ మధ్య సహసంబంధం వ్యక్తుల స్థాయిలో 0.118, రాష్ట్రాల స్థాయిలో −0.526 అని చూపాడు.

బెర్క్‌సన్ విరోధాభాస: ఆసుపత్రిలో చేరినవారి వంటి ఎంపికైన సమూహంలో మాత్రమే పుట్టే కృత్రిమ సంబంధం. జోసెఫ్ బెర్క్‌సన్ 1946లో వివరించాడు.

లార్డ్ విరోధాభాస: మొదటి కొలతను సవరించే తీరును బట్టి రెండు వర్గాల పోలిక మారిపోవడం. ఫ్రెడరిక్ లార్డ్ 1967లో ప్రతిపాదించాడు.

సింప్సన్ సూచిక: జీవవైవిధ్యాన్ని కొలవడానికి ఎడ్వర్డ్ సింప్సన్ 1949లో ఇచ్చిన సూత్రం. విరోధాభాసతో దీనికి నేరుగా సంబంధం లేదు.

ఇవి కూడా చూడండి: భారిత సగటు, సహసంబంధం, కార్యకారణ సంబంధం, యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగం, వయో ప్రామాణీకరణ.